ఒత్తికీ వేరుకీ ఒకటే దాహం

దీపం పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు ఒత్తి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రమిదలో నూనె ఉన్నంతసేపూ ఒత్తి కొస ఒక్కటే వెలుగుతుంది. నూనె అయిపోయిందా, ఒత్తే కాలడం మొదలుపెడుతుంది. గదంతా కమురు వాసన. దూది పోగుల సందుల్లోంచి నూనె తనంతట తాను పైకి పాకడం, పైకి వచ్చినదాన్ని వేడి ఆవిరిగా మార్చడం. దీపంలో జరిగేది ఇదే. ఈ-సిగరెట్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే మంట ఉండదు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఈ-సిగరెట్లను సొంతంగా విప్పి, మార్చి, మళ్లీ బిగించుకునే సరదా ఉన్నవాళ్లు నలుగురు కూడితే మాట తీగచుట్టల దగ్గర మొదలవుతుంది. కాసేపటికి అది టమాటా నారు మీదికి మళ్లుతుంది. ఎవరి మిరపకు ముడత వచ్చింది, ఎవరి పెరట్లో మంచు ముందే పడింది, కుండీలకు నీళ్లు వాటంతటవే అందేలా ఎవరు ఏం బిగించారు, ఇవే కబుర్లు. బయటివాళ్లకు ఈ రెంటికీ పొంతన కనిపించదు. నిదానంగా చూస్తే ఈ రెండు సరదాలూ పక్కపక్క ఇళ్లవే.

లోపల ఏముంది?

ఈ-సిగరెట్‌కు వాడుకలో ఉన్న వేప్ అనే పేరుకూ మన వేపకూ చుట్టరికం లేదు. ఆవిరి అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందది. 2014లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ మాటనే ఆ ఏటి మేటి పదంగా ఎంచుకుంది. ఆలోచన మాత్రం పాతదే. పొగాకు లేని, పొగ రాని సిగరెట్‌కు హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1965లోనే పేటెంటు పొందాడు, కానీ సరుకు బజారుకెక్కలేదు. ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి ఆద్యుడు హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. అది 2003 నాటి మాట.

పరికరంలో ఉండేవి నాలుగే వస్తువులు: ఒక బ్యాటరీ, ఒక తీగచుట్ట, చుట్ట మధ్యలో దూది, దూదిని తడిపే ద్రవం. మీట నొక్కితే బ్యాటరీ నుంచి కరెంటు తీగలోకి వెళ్తుంది, తీగ వేడెక్కుతుంది, దూదిలోని ద్రవం సన్నటి తుంపరల మేఘమవుతుంది. ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 290 దగ్గర మరుగుతాయి. మిగిలినది వాసన కోసం వేసే పదార్థం, నికోటిన్. గ్లిసరిన్ పాలు పెంచితే మేఘం దట్టమవుతుంది. గ్లైకాల్ పెంచితే గొంతుకు తగిలే ఘాటు పెరుగుతుంది.

ద్రవం అయిపోయినా మీట నొక్కితే ప్రమిదలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. దూది మాడుతుంది, నోరంతా కమురు. అలా అతిగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలూ పుడతాయి. కాబట్టి ఈ సరదాపరుల తొలి పాఠం ఒక్కటే: ఒత్తి ఎప్పుడూ తడిగా ఉండాలి.

టార్చిలైటు నుంచి మాడ్ దాకా

తొలినాళ్ల ఈ-సిగరెట్లు అచ్చం సిగరెట్లలా సన్నగా ఉండేవి. సన్నటి గొట్టంలో పట్టే బ్యాటరీ ఎంతసేపని వస్తుంది? ఓపిక నశించినవాళ్లు టార్చిలైటు గొట్టాల్లో పెద్ద బ్యాటరీలు పెట్టి సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టారు. అలా మార్చి కట్టినదానికి ‘మాడ్’ అని పేరొచ్చింది. అందులో ఎక్కువగా వాడేది 18650 సెల్. అంకెలోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి చూసినవాళ్లకు ఇది పరిచయమే.

తీగను స్క్రూడ్రైవర్ కాడ మీద ఆరేడు చుట్లు చుట్టి, దాని నిరోధం ఎన్ని ఓమ్‌లో మీటరుతో చూసుకుని, మధ్యలో దూది దూర్చడం వీళ్ల చేతిపని. ఇక్కడ తొమ్మిదో పదో తరగతిలో చదివిన ఓమ్ సూత్రం పనికొస్తుంది. నిండుగా ఛార్జి చేసిన సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది. చుట్ట 0.5 ఓమ్ అయితే కరెంటు 8.4 ఆంపియర్లు, శక్తి సుమారు 35 వాట్లు. అదే చుట్టను 0.15 ఓమ్‌కు దించితే కరెంటు ఒక్కసారిగా 28 ఆంపియర్లకు ఎగబాకుతుంది. చాలా 18650 సెల్‌లు అంత కరెంటును నిలకడగా ఇవ్వలేవు. లోపల సర్క్యూట్ లేని లోహపు గొట్టంలో, అంటే ‘మెకానికల్ మాడ్’లో, ఈ లెక్క తప్పితే ఆపేవాడు లేడు. ఈ-సిగరెట్ పరికరాలు పేలి అమెరికాలో 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు చనిపోయారు.

తర్వాత వచ్చిన సర్క్యూట్‌ల పనితనం ముచ్చటైనది. నికెల్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.6 శాతం చొప్పున పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 0.1 ఓమ్ ఉన్న చుట్ట, ఇంకో 200 డిగ్రీలు వేడెక్కితే 0.22 ఓమ్ అవుతుంది. అంటే సర్క్యూట్ నిరోధాన్ని కొలుస్తూ ఉంటే వేడిని కొలుస్తున్నట్టే. వేరే థర్మామీటరు అక్కర్లేదు, తీగే థర్మామీటరు. దూది మాడే వేడికి చేరకముందే కరెంటు తగ్గించేయవచ్చు.

మాట పెరట్లోకి ఎందుకు మళ్లుతుంది?

వేపింగ్ సరదాపరుల్లో చాలామంది ఒకప్పుడు సిగరెట్లు తాగినవాళ్లు. పొగ మానేసినవాళ్లకు మందగించిన వాసన, రుచి మెల్లగా తిరిగి వస్తాయి. కొన్నాళ్లు ఏ కూర తిన్నా ఒకేలా అనిపించిన నాలుకకు చెట్టున పండిన టమాటా తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సూపర్ మార్కెట్లో దొరికే గట్టి టమాటా ఇక ఆనదు. చెరోకీ పర్పుల్, బ్రాండీవైన్ లాంటి పాతకాలపు విత్తనాల వేట అక్కడ మొదలవుతుంది.

రెండోది చేతుల సంగతి. సిగరెట్ మానడం ఎంత కష్టమో మానినవాళ్ల చేతులకు తెలుసు. ప్యాకెట్ విప్పడం, అగ్గిపుల్ల గీయడం, నుసి దులపడం, రోజుకు ఎన్నిసార్లో. ఆ పని పోయాక చేతులు ఇంకో పని వెతుక్కుంటాయి. తీగ చుట్టడం అందులో ఒకటి, నారు పోయడం ఇంకొకటి.

మూడోది కొలత. ద్రవాన్ని ఇంట్లో కలుపుకునేవాడి దగ్గర గ్రాములో వందో వంతు చూపే తూకం, మిల్లీలీటర్ల సిరంజి, ఏ రోజు ఎంత కలిపాడో రాసిన పుస్తకం ఉంటాయి. మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచేవాడికి కావలసినవీ అవే. నీటి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, పోషకాలు లీటరుకు ఇంతని లెక్కపెట్టి కలపాలి. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో ఒక పద్ధతి ఉంది. పంపు లేదు, కరెంటు లేదు. మూత ఉన్న డబ్బాలో పోషకాల నీళ్లు పోసి, మూత చిల్లులో మొక్క నిలబెడతారు. మొక్క నీళ్లు తాగేకొద్దీ మట్టం దిగుతుంది, ఖాళీ అయిన చోట వేళ్లకు గాలి అందుతుంది. మరలు విప్పడం ఇష్టమున్నవాడికి ఇంత తక్కువ సరంజామాతో నడిచే ఏర్పాటు చూస్తే మనసు ఆగదు.

అందరూ ఒక ఇంటివాళ్లే

ఈ కథలో అసలు చుట్టరికం ఇక్కడుంది. పొగాకు, టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం మొక్కలు. వృక్షశాస్త్రంలో సొలనేసీ అంటారు. మన ఉమ్మెత్త కూడా ఆ ఇంటిదే. నికోటిన్ మనిషి సరదా కోసం పుట్టింది కాదు, ఆకు తినే పురుగును తరిమేందుకు మొక్క తయారుచేసుకునే విషం. పొగాకు దాన్ని దండిగా చేస్తుంది, టమాటా, వంకాయ పేరుకు మాత్రం చేస్తాయి.

అయితే గుత్తి వంకాయకు అలవాటు పడిపోతామా? 1993లో అచ్చయిన ఒక కొలత ప్రకారం గ్రాము వంకాయలో సుమారు 100 నానోగ్రాముల నికోటిన్ ఉంది. ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి చేరే నికోటిన్ ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లో ఉంటుంది. అంత కావాలంటే 10 కిలోల వంకాయలు తినాలి. నిశ్చింతగా కూర వండుకోవచ్చు.

నికోటిన్ తయారయ్యేది పొగాకు మొక్క వేళ్లలో, నిలవ ఉండేది ఆకుల్లో. పొగాకు వేరు మీద టమాటా కొమ్మను అంటుకడితే ఏమవుతుందో 1940లలోనే శాస్త్రవేత్తలు చూశారు. టమాటా ఆకుల్లో నికోటిన్ చేరింది. తిరగేసి, టమాటా వేరు మీద పొగాకు కొమ్మను కడితే ఆకులో నికోటిన్ దాదాపు లేకపోయింది. 1999లో ‘ది సింప్సన్స్’ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ దీన్ని నవ్వులాటగా మార్చి ‘టొమాకో’ అని పేరు పెట్టింది. అది చూసిన ఒరెగాన్ రాష్ట్రం ఆసామి ఒకాయన 2003లో నిజంగానే అంటుకట్టి చూపించాడు, ఆకులో నికోటిన్ దొరికింది. విప్పి చూద్దాం, కలిపి చూద్దాం అనే బుద్ధికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. అలాంటి మొక్క కాయను నోట పెట్టకూడదని వేరే చెప్పాలా?

చేతులు కడుక్కోమనే వైరస్

టమాటా పెంచే పాతకాపులు పొగతాగేవాళ్లను తోటలోకి రానిచ్చేవాళ్లు కాదు. అందుకు కారణం ఉంది. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులోనూ ఏళ్ల తరబడి బతుకుతుంది. సిగరెట్ పట్టుకున్న వేళ్లతో నారు ముట్టుకుంటే వైరస్ టమాటాకు, మిరపకు అంటుతుంది. ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలగలిసి మచ్చలు తేలతాయి, మొక్క గిడసబారుతుంది. దీనికి మందు లేదు, పీకి పారేయాల్సిందే.

లోకానికి వైరస్ అనే సంగతి తెలిసింది ఈ తెగులు పుణ్యానే. 1886లో అడాల్ఫ్ మేయర్ అనే శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ రోగపు ఆకు రసాన్ని బ్యాక్టీరియాను ఆపే జల్లెడలోంచి వడకట్టినా రోగం అంటుతోందని చూపాడు. 1898లో బైయరింక్ ఇది బ్యాక్టీరియా కాదు, వేరే తరహా రోగకారకమని తేల్చాడు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా వేరుచేసి, 1946లో నోబెల్ పంచుకున్నాడు.

వేప్ ద్రవంలో ఉండేది శుద్ధి చేసిన నికోటిన్, ఆకు ముక్కలు ఉండవు. కాబట్టి సిగరెట్ మానినవాడి వల్ల నారుకు ఒక బెడద తగ్గినట్టే. అయినా నారు పట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎవరికైనా మంచిదే. అమెరికా తోటమాలులు వేళ్లను పాలలో ముంచుకోవడమూ ఉంది. పాలలోని ప్రొటీన్లు వైరస్ అంటుకోకుండా అడ్డుపడతాయి.

మిగిలిన ద్రవం మొక్కలకు పోయవచ్చా?

ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. నికోటిన్ పురుగుమందే కదా, సీసాలో మిగిలింది పేనుబంక మీద చల్లితే పోదా? తర్కం బాగానే ఉంది. 40 శాతం నికోటిన్ సల్ఫేట్ ఉన్న ‘బ్లాక్ లీఫ్ 40’ అనే మందు అమెరికా తోటల్లో ఒకప్పుడు మామూలు. మన దగ్గర సేద్యంలో వాడే అగ్ని అస్త్రంలోనూ పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకుతో పాటు పొగాకు పడుతుంది. పత్తి, మిరప రైతులకు రసం పీల్చే పురుగుల మందుగా తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ కూడా నికోటిన్ పనిచేసే తీరును అనుసరించి చేసినదే. అందుకే ఆ మందుల వర్గానికి నియోనికోటినాయిడ్లని పేరు. తేనెటీగలకు చేటని ఐరోపా సమాఖ్య 2018లో వాటిలో మూడింటిని ఆరుబయట పొలాల్లో నిషేధించింది.

కానీ పురుగును చంపేది మనిషినీ వదలదు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు రావడం ప్రకాశం, గుంటూరు వైపు కొత్త సంగతి కాదు. సీసాలోని ద్రవం అంతకన్నా చిక్కన. పైగా అందులో గ్లిసరిన్, వాసన పదార్థాలు ఉంటాయి, ఎంత పడితే మొక్క తట్టుకుంటుందన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. తినే కూరగాయ మీద అది చల్లకూడదు. పిల్లలు సీసా నోట పెట్టుకునే ముప్పు ఉన్నందునే అమెరికా 2016లో పిల్లలు తెరవలేని మూతలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఎండిన మట్టి, ఎండిన దూది

చేతిపని పెరట్లో బాగా పనికొచ్చేది నీళ్ల దగ్గర. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లితే చాలామంది తెగులనుకుంటారు. ఎక్కువసార్లు అది ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచేసే నీళ్ల వల్లే వస్తుంది. నీళ్లు నిలకడగా అందకపోతే కాయ కొసకు కాల్షియం చేరదు. దూది ఎండితే కమురు, మట్టి ఎండితే కుళ్లు.

దీనికి సరదాపరులు మట్టిలో తేమ కొలిచే చిన్న సెన్సర్ గుచ్చి, ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు తగిలించి, తేమ తగ్గితే పంపు నడిచేలా కడతారు. అందులో ఒక మెళకువ ఉంది. రెండు లోహపు మేకుల మధ్య కరెంటు పంపి కొలిచే చవక సెన్సర్ కొన్ని వారాల్లోనే తుప్పు తినేస్తుంది. తడి మట్టిలో కరెంటు పారితే లోహం కరుగుతుంది మరి. లోహం బయటపడకుండా పూత పూసిన కెపాసిటివ్ రకం చాలాకాలం నిలుస్తుంది.

దానికి కరెంటు? వాడి పారేసే వేప్‌లలోనూ ఉండేది ఎక్కువగా మళ్లీ ఛార్జి చేయగల లిథియం సెల్లే. లండన్ యూనివర్సిటీ కాలేజీ, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో అలాంటి సెల్‌లను పరీక్షించి, వందలసార్లు ఛార్జి చేసినా పనిచేస్తాయని చూపారు. ఒక్కసారి వాడి చెత్తబుట్టలో వేసే వస్తువులో ఇంత ఆయుష్షున్న సెల్ పెట్టారన్నమాట. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి ఆ రకం అమ్మకాన్నే నిషేధించింది. అక్కడి కొందరు వాటి సెల్‌లు విప్పి వాడుకుంటున్నారు కానీ, నొక్కుకుపోయిన లిథియం సెల్ ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. పని తెలియనివాళ్లు చేయి పెట్టే చోటు కాదది.

సరదా ఎక్కడ ఆగాలి?

చుట్టరికం ముచ్చటగా ఉందని వేప్‌కు మంచి పేరు ఇవ్వనక్కర్లేదు. సిగరెట్‌లోలా ఆకు కాలదు కనుక తారు, కార్బన్ మోనాక్సైడ్ లేకపోవడం నిజమే. నికోటిన్ వ్యసనం కావడమూ అంతే నిజం. ఎన్నడూ పొగ తాగనివాడికి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. ద్రవంలో వేసే వాసన పదార్థాల సంగతీ చూడాలి. వెన్న వాసనకు వాడే డైఅసిటైల్ తినడానికి పనికొస్తుంది, పీల్చడానికి కాదు. 2000లో అమెరికాలోని మిస్సోరీలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ పనివాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక ఆ తేడా తెలిసింది. 2019లో అదే పాఠం పెద్ద ఎత్తున వచ్చింది. దొంగచాటున అమ్మిన గంజాయి వేప్‌లలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఈ అసిటేట్ ఊపిరితిత్తులను చెడగొట్టింది. 2020 ఫిబ్రవరి నాటికి అమెరికాలో 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది పోయారు. ఊపిరితిత్తి జీర్ణకోశం కాదు, వచ్చినదాన్ని అరాయించుకోలేదు.

మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. తయారీ, అమ్మకం వంటి వాటిలో మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అమెరికా నుంచి సెలవులకు వచ్చే మన పిల్లలు పెట్టెలో వేసుకురావడమూ చిక్కులు తెచ్చేదే.

కాబట్టి ఈ కబుర్ల నుంచి మనం తెచ్చుకోదగినది ఆ పెరటి సగమే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గోంగూర, దోసకాయ పండించుకునే తెలుగువాళ్లు మంచు భయం పోయేదాకా నారును ఇంట్లో దీపాల కింద పెంచి, తర్వాత వారం పది రోజులు కాస్త కాస్తగా ఎండకు అలవాటు చేస్తారు. వాళ్లకు ఆ ఓపిక అక్కడి వాతావరణం నేర్పింది. తీగచుట్ట పనితనం మీట నొక్కిన క్షణంలో తెలిసిపోతుంది. నాటిన టమాటా జవాబివ్వడానికి రెండు రెండున్నర నెలలు పడుతుంది. ఈ మధ్యలో వాటేజీ పెంచే మీట ఏదీ లేదు. సిగరెట్ మానినవాడికి ఆ రెండు నెలలూ చేతికి పని ఉండటమే లాభం.

ఈ వేసవిలో ఊరెళ్తూ కుండీలు ఎవరికి అప్పజెప్పాలా అనుకుంటుంటే ఒక పని చేసి చూడండి. బకెట్ నిండా నీళ్లు పోసి కుండీ కంటే కాస్త ఎత్తున పెట్టండి. నైలాన్ తాడు ఒక కొస బకెట్ అడుగుదాకా దించి, రెండో కొస మట్టిలో నాలుగు వేళ్ల లోతున పూడ్చండి. దూది తాడైతే కొన్ని వారాల్లో కుళ్లిపోతుంది, అందుకే నైలాన్. పెట్టేముందు తాడును నీళ్లలో బాగా నానబెట్టండి. పొడి ఒత్తి దేన్నీ లాగదని ప్రమిద ముందే చెప్పింది.